తలుపులు మూసిన దినములందు ఇల్లు

(బళ్ళారి కంటోన్మెంటులోని మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



కష్టకాలమునందు ఇంటిలో మనస్సు చెదరకుండ, చేతులు ఊరకుండక కాలము గడుపుట యెట్లు అను విషయమును గూర్చి మాటలాడుమని సంఘమువారు నన్ను కోరిరి. ఇట్టి విషయము మీద ఉపన్యసించుట సులభము, వినుట కష్టము. ధైర్యము వహింపుడు, ఓర్పుతో నుండుడు అని చెప్పినంత మాత్రమున ఎవరి ఇంటిలోను పొయ్యి వెలుగదు. కావున నేను ఉపదేశమునకు దిగక, మన కన్నుల యెదుట జరిగిన 2020, 2021 సంవత్సరముల సంగతిని ముందుంచుకొని, ఆనాడు మన తెలుగు ఇండ్లకు ప్రత్యేకముగా వచ్చిన చిక్కు ఏమి, దానిని కొందరు ఎట్లు దాటిరి అను మాట మాత్రము విన్నవింతును.

గడచిన దానిని ఇప్పుడు తవ్వుట యెందులకని కొందరనుకొనవచ్చును. 2020 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరవలసిన బిడ్డలు ఇంకను బడిలోనే యున్నారు. వారి చేతివ్రాతలో ఆ సంవత్సరము నేటికిని కనబడుచున్నది. అంతియే గాక, ఇంటి తలుపులు మూయించునది అంటువ్యాధి ఒక్కటే కాదు. 2011 జూలైలో సుప్రీంకోర్టువారు మన జిల్లాలో గనుల త్రవ్వకమును ఆపించినప్పుడు లారీలు నిలిచిపోయి, ఎన్ని ఇండ్లలో పెద్దలు పనిలేక కూర్చుండిరో మీకు తెలియును. జీన్సు బట్టలు కుట్టు చోట్ల పని తగ్గిన నెలలోను, ఇంటి యజమాని మంచము పట్టిన నెలలోను ఆ యింటివరకు అదియే లాక్‌డౌను.

మన పూర్వుల కాలమున ప్లేగు వచ్చినప్పుడు జనులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపలి పొలములలో పాకలు వేసికొని యుండెడివారు. 2020లో దీనికి విరుద్ధముగా, ఇల్లు విడువరాదను ఆజ్ఞ వచ్చెను. మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25వ తేదీ నుండి 21 దినముల లాక్‌డౌను. అది పొడిగింపబడి మే నెలాఖరు వరకు సాగెను. బళ్ళారి ఎండ, రేకుల కప్పు, ఒకటి రెండు గదులు, అందులో ఐదారుగురు మనుష్యులు. ఇట్టి ఇంటివారితో మనశ్శాంతిని గూర్చి మాటలాడువాడు కొంచెము వెరపుతో మాటలాడవలెను.

మన కష్టమునకు సరిహద్దు ఒకటి తోడైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయెను, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ తరువాత కూడ పెండ్లిండ్లు, పురుళ్ళు, పండుగలు అటునిటు జరుగుచునే వచ్చినవి. గుంతకల్లు పోయి వచ్చుట మనకు సంతకు పోయి వచ్చినట్లే. అట్టి దారిమీద 2020లో అడ్డుకట్టలు లేచి, అనుమతి పత్రము లేనిదే కదలరాదనిరి. తల్లి అటు, బిడ్డ ఇటు చిక్కుకొనిన కుటుంబములు మన పాఠశాలలోనే యుండెను.

ఇక చదువు సంగతి. ఆ సంవత్సరము జూలైలో కర్ణాటక విద్యాశాఖవారు దూరదర్శన్ చందన ద్వారా ‘సంవేద’ యను పేర పెద్ద తరగతులకు పాఠములు ప్రసారము చేయించిరి. అది మంచి ప్రయత్నము. అయితే తెలుగు మాధ్యమమున చదువు పిల్లలకు అది అందలేదు. ఆంధ్రప్రదేశ్‌వారు సప్తగిరి ద్వారా తెలుగులో పాఠములు చెప్పించిరి. మన పిల్లలు వానిని వినిరి గాని, మన చేతిలోని పుస్తకములు కర్ణాటక పాఠ్యక్రమము ననుసరించి తెలుగున అచ్చయినవి. భాష కుదిరిన చోట పాఠము కుదరలేదు, పాఠము కుదిరిన చోట భాష కుదరలేదు. ఆగస్టులో ‘విద్యాగమ’ వచ్చెను. ఉపాధ్యాయులే వీధులకు పోయి, గుడి ముంగిటనో చెట్టు క్రిందనో పిల్లలను చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి చదువు చెప్పవలెను. కన్నడ పాఠశాల పిల్లలు వీధికి పదిమంది యుందురు. మన పిల్లలు ఈ వీధిలో ఒకరు, రైలు పట్టాల కావల ఇద్దరు. గుంపు కట్టుటయే కష్టమాయెను. అది కుదుటపడునంతలో, అక్టోబరులో, వ్యాధి భయముచేత ఆ పథకమే ఆగిపోయెను.

నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఇక్కడనే యున్నది. అధికసంఖ్యాకుల భాషలో చదువుకొను బిడ్డకు బడి మూతపడినను వీధి మూతపడదు. అంగడి పలక, బస్సు మీది ఊరిపేరు, కరెంటు బిల్లు, అన్నియు వానికి వాచకములే. మన బిడ్డకు బడి మూతపడినచో తెలుగక్షరము కనబడు తావు ఇల్లు ఒక్కటే. ఇంటిలో పెద్దలు దిగులుతో మాటలు మానినయెడల ఆ బిడ్డకు ఊరట పోవుటతోపాటు భాషయు పోవును. అందువలన కష్టకాలమున మన ఇంటిలో మాట ఆగకుండ చూచుకొనుట ఇతరుల కంటె మనకు ఎక్కువ అవసరము.

మాట ఆగుట యెట్లు జరుగునో చెప్పెదను. పని పోయిన తండ్రి తన భయమును పిల్లలకు తెలియనీయరాదని మౌనము వహించును. పిల్లలు ఆ మౌనమును తమపై కోపమని తలంతురు. ఏమియు జరుగలేదని బిడ్డలకు చెప్పుట నాకు సమ్మతము కాదు. వారికి అంతయు తెలియును, కొలత మాత్రము తెలియదు. మన విద్యార్థిని తండ్రి ఒకరు జీన్సు కుట్టు పనివారు. పని నిలిచిన రెండవ వారమున ఆయన ఏడవ తరగతి చదువు కుమార్తెను కూర్చుండబెట్టి, “అమ్మా, మన దగ్గర ఇంత సొమ్మున్నది, దీనిని ఎన్ని దినములు నడుపవలెనో నీవే లెక్క వేయుము” అని ఒక నోటుపుస్తకము చేతికిచ్చెను. బియ్యము, నూనె, గ్యాసు, పాలు, అవ్వ మందులు, అన్నియు ఆ బాలిక తెలుగులో వ్రాసి, ప్రతి రాత్రి కూడి, మిగిలినది చదివి వినిపించెడిది. సరాసరి, శాతము ఆమెకు అట్లు పట్టువడినవి. నేనా పుస్తకమును చూచితిని. ఒక పుటలో ‘పాలు సగము చేయబడినవి, తమ్మునికి మాత్రము’ అని యున్నది. ఆ ఇంటిలో సొమ్ము తక్కువగానే యుండెను గాని, ఎవరును చీకటిలో లేరు.

పిల్లలకు పని చెప్పుట యనగా ఊరక కాలక్షేపము కల్పించుట కాదు. ఆ పని లేనిదే ఇల్లు నడువదన్న సంగతి వారికి తెలియవలెను. కొళాయి నీరు వచ్చు దినమున బిందెలు నింపుట, జొన్నపిండి జల్లించుట, చంటిబిడ్డను ఆడించుట ఇట్టివి. అయితే ఇంటిపని యంతయు ఆడపిల్లల మీదనే పడి, మగపిల్లలు గాలిపటము లెగురవేయుచుండిరి. ఇంటి సమతౌల్యము అని మనము ఘనముగా చెప్పుకొనునది ఆ దినములలో చాల ఇండ్లలో తల్లి ఒక్కరి వెన్నుమీద నిలిచెను. భర్త ఇంటనుండుట వలన ఆమెకు రెండు పూటల కాఫీ నాలుగు పూటలాయెను. ఈ మాట అనగానే ముందు వరుసలోని మగవారు కొందరు నేల చూచుచున్నారు. మంచిది. చూచి, రేపటినుండి గిన్నెలు కడుగవచ్చును.

వేళ తప్పకుండుట మరియొకటి. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి పరీక్షలు రద్దాయెను. కర్ణాటకమున జూన్ 25 నుండి పరీక్షలు జరిగెను. ఎనిమిది లక్షలకు పైబడిన విద్యార్థులు నమోదైయుండిరి. ఇది మన పిల్లలకు మిక్కిలి బాధ కలిగించినది. ఆలూరులోని పినతండ్రి కుమారుడు పరీక్ష లేకయే ఉత్తీర్ణుడయ్యెను, నేనెందుకు వ్రాయవలెనని ప్రతి ఇంటిలోను ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. కొందరు తండ్రులు కసిరిరి, కొందరు ఫోను ఇచ్చి ఊరుకొనిరి. బేల్దారి పని చేయు తండ్రి ఒకరు, తాను నాలుగవ తరగతి దాటనివారు, ఎండ రాకమునుపు ఐదు గంటలకు లేచి, వాకిట దీపము పెట్టి, కుమారుని ప్రక్కన కూర్చుండెడివారు. పాఠము చెప్పలేరు. తాపీలకు పిడులు బిగించుకొనుచు ఏడు గంటల వరకు కదలకుండెడివారు. “నాన్న లేచిన తరువాత పండుకొనుటకు సిగ్గువేసెడిది సార్” అని ఆ బాలుడు నాతో చెప్పెను. ఫోను పాఠముల వలన ఎందరికి మేలు కలిగెనో నేనెరుగను. ఇంటికొక్క ఫోను, అదియు తండ్రిదే. ఆయన బయలుదేరగానే పాఠమును ఆయనతోకూడ బయలుదేరెడిది.

చదువులో నష్టము మన ఒక్కరిదే కాదు. అసర్ నివేదికల ప్రకారము దేశమున మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి వాచకమును చదువగలిగినవారు 2018లో నూటికి 27 మంది, 2022లో 20 మంది. మన పాఠశాలలో ఈ నష్టము ఒత్తులలో కనబడెను. తిరిగి వచ్చిన పిల్లలు తెలుగున చక్కగా మాటలాడుచుండిరి గాని, ‘రాష్ట్రము’, ‘స్వాతంత్ర్యము’ వ్రాయమన్న కలము ఆగిపోయెడిది. చెదరని పిల్లలును కొందరు కలరు. వారి ఇండ్లలో ఏమి జరిగెనని విచారించితిని. కొన్నిట చదువుకొనిన తల్లులు కలరు, అది సరియే. చదువురాని అవ్వలున్న ఇండ్లును అందున్నవి!

ఒక ఇంటిలో అవ్వకు చదువురాదు, మనుమడు ఐదవ తరగతి. ఆమెకు ప్రొద్దుపోక, తన చిన్ననాటి కరవు సంగతులు చెప్పసాగెను. వాడు వినుచు, తెలియని మాట వచ్చినప్పుడెల్ల వ్రాసికొనెను. కొర్రలు, సజ్జలు, ఆరికెలు. సేరు, పడి, తూము. గుంటక, గొర్రు, మేడి. ప్రతి మాటకు ప్రక్కన బొమ్మ. గొర్రు బొమ్మ చూచి అవ్వ నవ్వి, “ఇది దువ్వెన రా అబ్బా” అని మూడు మారులు దిద్దించెనట. ఆ పుస్తకము మన బీరువాలో నున్నది, చూడగోరువారు చూడవచ్చును. అవ్వకు తోడు దొరికెను, మనుమనికి ఒత్తులు నిలిచెను. ఫోను లేదు, ఖర్చు లేదు.

బళ్ళారి తెలుగువారికి మరియొక ఆస్తి కలదు. ధర్మవరము కృష్ణమాచార్యులవారు (1853–1912), కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919) ఈ ఊరి న్యాయవాదులు. ఒకరు సరసవినోదినీ సభను, ఒకరు సుమనోరమ సభను నడిపిరి. కృష్ణమాచార్యులవారికి ఆంధ్ర నాటక పితామహుడను బిరుదు కలదు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవగారు (1880–1946) నటనలో ఎంత కీర్తి గడించిరో మీరెరుగుదురు. నాటకమును గట్టిగా చదువుట ఈ ఊరికి క్రొత్త కాదు. 2021 వేసవిలో రెండవమారు అన్నియు మూతపడినప్పుడు, ఒకే వఠారమున నున్న మూడు తెలుగు కుటుంబములు ధర్మవరమువారి ‘చిత్రనళీయము’ను తెప్పించుకొని, ఎవరి గడపలో వారు కూర్చుండి, పాత్రలు పంచుకొని చదివిరి. పద్యములు కష్టమని వదలి, వచనము మాత్రము చదివిరి. అందులో ఒక బాలుని తాతగారు ఆ నెలలోనే ఆసుపత్రిలో గతించిరి. కడసారి చూపు కూడ దక్కలేదు. బాలుడు పదిదినములు నోరు మెదపలేదు. అతనిని చదువుమని ఎవరును బలవంతపెట్టలేదు, పుస్తకము పట్టుకొని పుటలు త్రిప్పుమని మాత్రము చెప్పిరి. నాలుగవ సాయంకాలమున ఒకరు మాట తప్పు చదువగా వాడు తటాలున దిద్దెను. అటుపిమ్మట వానికి ఒక పాత్ర దొరికెను. అది దుఃఖమును తీర్చెనని నేను చెప్పను. దుఃఖముతోనే పదిమందిలో కూర్చుండుటకు వానికొక తావు ఏర్పడెను.

అన్నియు ఇంటిలోనే కుదుటపడునని నమ్ముట కూడ తగదు. బిడ్డ గాని పెద్దలు గాని నిద్ర మాని, తిండి మాని, ఎవరితోను కలియక వారముల తరబడి యున్నయెడల దానిని పొగరనియు, సోమరితనమనియు అనకుడు. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో టెలిమానస్ అను సేవను ప్రారంభించిరి. 14416 సంఖ్యకు ఫోను చేసిన రాత్రియైనను పగలైనను ఖర్చులేకుండ మాటలాడుదురు. చిన్న చీటిమీద వ్రాసి గోడకు అంటించుకొనుడు. దాపరికము అక్కరలేదు.

మన పాఠశాల వంతు ఏమని అడుగుదురు. ప్రతి శనివారము మధ్యాహ్నము పుస్తకముల బీరువా తెరచి యుంచుటకు ఉపాధ్యాయులు సమ్మతించిరి. నాటకములు కొన్ని, కథల పుస్తకములు, పాత వాచకములు అందున్నవి. పిల్లల పేర మాత్రమే గాక తల్లిదండ్రుల పేరను ఇత్తుము. చదువురాని అవ్వ కొరకు అడిగినను ఇత్తుము, చదివి వినిపించువారి పేరు మాత్రము పట్టికలో వ్రాయించవలెను. అవ్వలు చెప్పిన మాటలు వ్రాసికొనుటకు రూళ్ళ పుస్తకములు కొన్ని సంఘమువారు తెప్పించియున్నారు. అవి ఈ సభ ముగియగానే వాకిలి వద్ద పంచబడును.