గేమ్ బాక్స్ మీద ఎమ్మార్పీ ఎంత, షాపులో అడిగేది ఎంత?

ఈ బాక్స్ చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతా. బీటెక్‌లో ఉన్నప్పుడు బంగారుపాళ్యం నుంచి చిత్తూరికి బస్సెక్కిపోయి కొన్న పీసీ గేమ్. మామిడి సీజన్‌లో మా నాయన ఇచ్చిన డబ్బులు. స్టిక్కర్ మీద 1,299. ఇంటికొచ్చి గోరుతో గీకితే కింద ఇంకో ఎమ్మార్పీ, 999! నాయనకి చెప్పలేదు.

అప్పుడు తెలీదు గానీ, అది చట్టప్రకారం తప్పు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం రేటు తగ్గించడానికైతే స్టిక్కర్ వేయొచ్చు, అదీ పాత ఎమ్మార్పీ కనబడేట్టు. పెంచడానికి వేయకూడదు. ఇంపోర్ట్ బాక్స్ మీద ఇంపోర్టర్ స్టిక్కర్ ఒకటి ఉండటం మామూలే. స్టిక్కర్ కింద ఇంకో రేటు ఉంటేనే అనుమానం.

ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ‘జీఎస్టీ వేరే’ అంటే ఒప్పుకోవద్దు. అమెరికాలో అట్లా కాదు, అక్కడ కంపెనీ చెప్పే రేటు సలహా మాత్రమే, షాపాయన ఎక్కువకీ అమ్మొచ్చు. మన దగ్గర అది గరిష్ఠం. గరిష్ఠం అంటే అంతా కట్టాలని కాదు, బేరమాడొచ్చు. మామిడి మండీ ఊరోళ్ళం, మనకి బేరం నేర్పాలా?

స్టీమ్‌లో డౌన్‌లోడ్‌కి బాక్సే లేదు. 2015 నవంబర్ నుంచి రూపాయల్లో చూపిస్తున్నారు, కానీ రేటు పబ్లిషర్ ఇష్టం. సేల్ కోసం ఆగడమే.

షాపులో ఎక్కువ తీసుకుంటే బిల్లు పెట్టుకొని 1915కి ఫోన్ చేయండి. నేను ఆ రోజు బిల్లే అడగలేదు.