చదరంగపు గడులలోని మహాసంఖ్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



చదరంగపు బల్లకు గడులు 64. మొదటి గడిలో ఒక బియ్యపుగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు పోయిన మొత్తము గింజలెన్ని? 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ సంఖ్యను తెలుగువారు పద్యముగా కట్టి కంఠస్థము చేసికొనిరి. ఆ పద్యము పావులూరి మల్లనదని ప్రసిద్ధి. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెనిగించిన కవి యతడు. పద్యమున అంకెలు కానరావు. చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, మన్మథుని బాణములనిన అయిదు, పర్వతములనిన ఏడు, ఆకాశమనిన సున్న. లెక్క ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచును. కావున పద్యమున మొదట వినవచ్చునది సంఖ్యకు కడపటి అంకె.

రెట్టింపు తొలుత అల్పముగా తోచును. పదవ గడిలో 512 గింజలే. పదునేడవ గడికి 65,536. ఉప్పలు క్రికెట్టు మైదానము నిండిన జనముకన్న ఇది అధికము. వేయి గింజలు ఇరువది గ్రాములు తూగుననుకొన్నను, అరువదినాలుగు గడుల బియ్యము నేటి ప్రపంచమంతటి వందలకొలది యేండ్ల పంటకు సమమగును.

ఇది వినోదము మాత్రమే కాదు. పూర్వము తెలంగాణ పల్లెలలో నాగు వడ్డీకి ధాన్యము తెచ్చుకొన్న రైతు ఈ లెక్కకే బలియయ్యెను. పుట్టి ధాన్యమునకు ఏటేట సగము వడ్డీ కలిపి పత్రము తిరుగవ్రాసిన, ఆరేండ్లకు బాకీ పదునొకండు పుట్లు దాటును. పత్రము చదువలేనివానికి అది దైవలిఖితమువలె తోచెను.

ఇక ఈ సంఖ్య గుణములు చూడుడు. కడపటి అంకె అయిదు, కావున అయిదుచే తెగును. అంకెల మొత్తము 87, కావున మూటిచే తెగును, తొమ్మిదిచే తెగదు. మూటిని అయిదుచే హెచ్చింపుడు, 15. దానికి రెండు కలిపిన 17. పదునైదును పదునేడుచే హెచ్చింపుడు, 255. రెండు కలిపిన 257. ఇట్లే సాగిన 65,537, ఆపై 4,29,49,67,297 వచ్చును. ఈ యారింటి లబ్ధమే మన మహాసంఖ్య.

వీనిలో మొదటి యైదును ప్రధానసంఖ్యలు. ఒకటియు తామును తప్ప వేరొకటి వానిని నిశ్శేషముగా భాగింపలేదు. ఆరవదియు అట్టిదేయని పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా తలంచెను. అంతటి గణితజ్ఞుని మాట యని ఆయిలరు ఊరకుండలేదు. విప్పి చూచి, అది 641, 67,00,417 అను రెండింటి లబ్ధమని 1732లో తేల్చెను.

పెద్ద సంఖ్యను చూచి వెరవరాదు, పెద్దల మాటయని పరీక్షింపక విడువరాదు. అది పద్యమైనను, బాకీ పత్రమైనను అంతియే. ఉప్పలు, నాచారము బాలబాలికలు గ్రంథాలయపు బల్లయొద్ద కాగితము పరచి, 67,00,417ను 641చే హెచ్చించి చూతురు గాక!