కథ జరిగిన ఏడు, కథ రాసిన ఏడు

ఈరోజు తెలుగు బడి పట్టా అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు హృదయపూర్వక అభినందనలు. అమెరికాలో పెరుగుతూ, వారమంతా స్కూలు, హోంవర్కు, ఆటలతో గడిపి, సెలవురోజున అఆల దగ్గర్నుంచి ఓపిగ్గా తెలుగు నేర్చుకున్నారు. మీ పట్టుదలను, మిమ్మల్ని ప్రతివారం బడికి తీసుకొచ్చిన అమ్మానాన్నల ఓర్పును మనసారా మెచ్చుకుంటున్నాను.

ఈ శుభవేళ మీ మరో చదువు గురించి మాట్లాడతాను. హైస్కూల్లో మీరు చదివే అమెరికన్ క్లాసిక్స్ గురించి. ఎప్పటి గొడవో, ఎవరి గొడవో, మనకెందుకని చాలామంది వాటిని పరీక్ష వరకే చదివి పక్కన పెట్టేస్తారు. మీరలా చేయకండి. ఏ పుస్తకం చేతికొచ్చినా మొదటి పేజీలో రెండు సంవత్సరాలు రాసుకోండి. ఒకటి కథ జరిగిన ఏడు, రెండోది కథ రాసిన ఏడు. ఆ రెండు కాలాల్లోనూ దేశంలో ఏం జరిగిందో వెతకండి.

ఆర్థర్ మిల్లర్ నాటకం ‘ది క్రూసిబుల్’నే తీసుకోండి. కథ 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో జరుగుతుంది. మంత్రగత్తెలన్న నింద మోపి అక్కడ 19 మందిని ఉరితీశారు. నేరం ఒప్పుకున్నవాళ్ళు బతికారు, ఒప్పుకోక దోషులుగా తేలినవాళ్ళలో చాలామంది ఉరికంబం ఎక్కారు. నాటకం రంగస్థలానికి వచ్చింది 1953లో. అప్పుడు అమెరికాను కమ్యూనిస్టుల భయం కమ్ముకుని ఉంది. చట్టసభ సంఘాలు రచయితలను, నటులను పిలిపించి, మీ స్నేహితుల పేర్లు చెప్పమని నిలదీసేవి. మిల్లర్ సేలం వెళ్ళి పాత కోర్టు కాగితాలు చదివి ఈ నాటకం రాశాడు. మూడేళ్ళకు, 1956లో, ఆయననే అలాంటి సంఘం ముందు నిలబెట్టారు. ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. 1957లో శిక్ష పడింది, మరుసటి ఏడు పైకోర్టు కొట్టేసింది. ఇది తెలిశాక చివరి అంకం చదవండి. తోటివాళ్ళ పేర్లు బయటపెట్టనని నాటక నాయకుడు జాన్ ప్రాక్టర్ మొండికేసే ఘట్టం ఎంత బరువైనదో అప్పుడు అర్థమవుతుంది.

నాటకంలో నిందలు మోపే అబిగైల్ విలియమ్స్‌కు నిజ చరిత్రలో అప్పటికి 11, 12 ఏళ్ళే. ప్రాక్టర్‌కు దాదాపు 60. మిల్లర్ ఆ పిల్ల వయసు 17కు పెంచి, ప్రాక్టర్ వయసు బాగా తగ్గించాడు. ఎందుకు మార్చాడు, మార్చి ఏం సాధించాడు? చరిత్ర తెలిసిన విద్యార్థికే ఈ ప్రశ్న తడుతుంది. ఇక్కణ్ణుంచే నిజమైన సాహిత్య విమర్శ మొదలవుతుంది.

హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ 1930ల నాటి అలబామా కథ. అందులో నిందితుడైన నల్లజాతీయుడు టామ్ రాబిన్సన్ నిర్దోషి అని తెలుస్తూనే ఉన్నా జ్యూరీ దోషి అంటుంది. ఆ జ్యూరీలో నల్లజాతివారు ఒక్కరూ లేరేమని మీకు అనుమానం రావాలి. జవాబు 1935 నాటి సుప్రీంకోర్టు విచారణలో దొరుకుతుంది. అదే అలబామాలో, 1931లో, తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళు అత్యాచారం చేశారని తప్పుడు నేరం మోపారు. అదే స్కాట్స్‌బరో కేసు. జ్యూరీ జాబితాలో నల్లజాతివారి పేర్లూ ఉన్నాయని రాష్ట్రం వాదించింది. అవి తర్వాత ఇరికించినవని నిందితుల న్యాయవాది లైబోవిట్జ్ అన్నాడు. రుజువు చేయగలరా అని ప్రధాన న్యాయమూర్తి అడిగితే, జాబితా పుస్తకంతో పాటు భూతద్దం కూడా అందించాడు. న్యాయమూర్తులు ఒకరి తర్వాత ఒకరు ఆ పేజీని భూతద్దంలో చూశారు. నల్లజాతివారిని జ్యూరీకి దూరం పెట్టారని తేలి ఆ శిక్ష రద్దయింది. అలా చూడటం మీకూ అలవడాలి.

నవల అచ్చయింది 1960లో. నల్లజాతి మహిళ రోజా పార్క్స్ బస్సులో తెల్లవారికి సీటు వదలనని కూర్చున్నది అంతకు ఐదేళ్ళ ముందు, అదే అలబామాలో. పౌరహక్కుల ఉద్యమం ఊపందుకుంటున్న రోజుల్లో వచ్చిన పుస్తకమిది. ఆ ఉద్యమం ఒత్తిడితోనే 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చింది. అదే ఏడు, అదే చట్టసభ, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టిన పాత వలస విధానాన్ని కూడా రద్దుచేసింది. అంతకు ముందు భారతదేశానికి ఏడాదికి సుమారు 100 మంది కోటా మాత్రమే ఉండేది. మన తెలుగువాళ్ళు ఇంతమంది ఈ దేశానికి రాగలిగింది ఆ వలస చట్టం తెరిచిన దారిలోనే. కాబట్టి ఈ పుస్తకాల వెనకున్న చరిత్ర పరాయివాళ్ళది కాదు, మీది కూడా.

ఒక జాగ్రత్త చెబుతాను. ముందు పుస్తకం చదవండి. ప్రశ్న పుట్టాక చరిత్రలోకి వెళ్ళండి. జవాబు దొరికాక మళ్ళీ పుస్తకం దగ్గరకు రండి. ఎవరో రాసిన సారాంశంతో సరిపెట్టుకోకుండా అసలు కాగితం ఒక్కటైనా చూడండి. సేలం కోర్టు పత్రాలను వర్జీనియా విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది.

చిన్నపిల్లలం, మావల్ల ఏమవుతుందని అనుకోవద్దు. సేలం విచారణల్లో మరణశిక్ష పడి, ఉరి తప్పినా దోషిగానే మిగిలిపోయిన స్త్రీ ఎలిజబెత్ జాన్సన్. మసాచుసెట్స్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు ఆమె కేసు పరిశోధించి, రాష్ట్ర చట్టసభ దాకా తీసుకెళ్ళారు. 2022లో ఆమె పేరు మీది మచ్చ చెరిగిపోయింది. దాదాపు 330 ఏళ్ళ అన్యాయాన్ని సరిదిద్దింది మీ ఈడు పిల్లలు.

మీరూ అలా చదవాలి, అలా అడగాలి. చదివిందాన్ని ఈ బడిలో నేర్చుకున్న తెలుగులో ఇంట్లో తాతయ్యకు, అమ్మమ్మకు వివరించి చెప్పాలి. న్యాయం తెలిసిన పాఠకులుగా, మంచి పౌరులుగా ఎదగాలని మనస్ఫూర్తిగా ఆశీర్వదిస్తున్నాను. శుభం.