జాజ్ గోష్ఠిలో అతిథి

మన శ్రోతలలో కొందరికి జాజ్ అనగా గందరగోళపు మ్రోత. కాని మన కచేరీలోని స్వరకల్పన వలెనే, అందును ఒకరు విడిచినచోట వేరొకరు అందుకొని అప్పటికప్పుడు కల్పించి వాయింతురు. అమెరికాలోని ఉత్తర టెక్సాస్ కళాశాల 1947లోనే జాజ్ విద్యకు పట్టమొసగు ఏర్పాటు చేసినది. అట్టి విద్యాలయములలో పేరొందిన వాద్యకులు అతిథులుగా వచ్చి, విద్యార్థి బృందముతో కలిసి వాయించుట పరిపాటి.

మన పొరుగున పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమునకు అతిథియై వెళ్ళి, కర్ణాటక సంగీతమునే వినిపించి మెప్పు పొందెను. పిదప గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ బృందమున చేరెను.

మేము కోరునది ఒక్కటే. విజయవాడ సంగీత కళాశాలకు విద్వాంసుడు విచ్చేసినపుడు, విద్యార్థిని ఆయన ఎదుట కాక ప్రక్కన కూర్చుండబెట్టవలెను. తాళము తప్పుదునేమో యను భయము అచ్చటనే తీరును.