పాలు మానిన పందిపిల్ల - పేగులోని పాలీఅమైన్లు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇతను పందిపిల్లల పేగుల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాను. మనకు వచ్చే దరఖాస్తుల్లో ఇంజనీరింగు, కంప్యూటర్లు, కామర్సు ఎక్కువ. పశువైద్యం చదువుతామనే పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమందికి కూడా "ఇన్ని మార్కులు తెచ్చుకుని పందుల దగ్గరికా?" అనే మాట ఇంట్లోనే ఎదురవుతోంది. ఆ మాట అనే ముందు ఆ చదువులో ఏముందో ఒకసారి చూడాలని నా విన్నపం. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

బ్యాంకులో పందుల పెంపకానికి అప్పు తీసుకున్న రైతుల ఖాతాలు నేను చూసేవాణ్ణి. వాయిదా తప్పినప్పుడు వాళ్ళు చెప్పే కారణాల్లో ఒకటి తరచుగా వినబడేది. తల్లి దగ్గర పాలు మాన్పించిన వారం పది రోజుల్లో పిల్లలు పారుకుని చిక్కిపోయాయి, కొన్ని చనిపోయాయి అనేవారు. మా పుస్తకాల్లో అది బకాయి. ఆ పిల్లల పేగులో జరిగింది ఏమిటో శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళుగా శోధిస్తున్నారు.

ముందు పేగు సంగతి. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మఖ్మల్ గుడ్డలాగా సన్నని నూగు ఉంటుంది. వాటిని ఆంత్ర చూషకాలు అంటారు. మేతలోని సారాన్ని పీల్చుకునేవి అవే. వాటి మొదట్లో చిన్న గుంటలుంటాయి. కొత్త కణాలు ఆ గుంటల్లో పుట్టి, మెల్లగా పైకి జరిగి, చూషకం కొసకు చేరి రాలిపోతాయి. ఈ పొర మొత్తం సుమారు 3 నుంచి 5 రోజుల్లో మారిపోతుంది. శరీరంలో ఇంత వేగంగా కొత్తబడే భాగాలు తక్కువ. కాబట్టి కణాల పుట్టుక ఏ కారణం చేతనైనా మందగిస్తే ఆ లోటు మొదట కనబడేది పేగులోనే.

ఈ పుట్టుకకు కావలసిన సరుకుల్లో పాలీఅమైన్లు ముఖ్యమైనవి. ఇవి మూడు: పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్. కుళ్ళిన మాంసంలో కనబడటం వల్ల పుట్రెసిన్‌కు ఆ పేరు వచ్చింది. 1885లో బెర్లిన్‌లో లుడ్విగ్ బ్రీగర్ అనే వైద్యుడు దాన్ని గుర్తించాడు. కుళ్ళులో దొరికింది కదా అని చెడ్డదనుకోకూడదు. బతికున్న ప్రతి కణంలోనూ ఇది ఉంటుంది. పాలీఅమైన్లకు ధన విద్యుదావేశం, డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ.లకు రుణ విద్యుదావేశం. అందువల్ల ఇవి వాటిని అంటిపెట్టుకుని నిలకడగా ఉంచుతాయి. ప్రొటీన్ల తయారీకి అవసరమైన ఇ.ఐ.ఎఫ్.-5ఎ అనే ఒక ప్రొటీను పనిచేయాలంటే స్పెర్మిడిన్ తనలో ఒక ముక్కను దానికి ఇవ్వాలి. ఇవి లేకపోతే కణం పెరగదు, రెండుగా విడిపోదు.

కణం వీటిని ఎలా తయారుచేసుకుంటుంది? ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లం నుంచి పుట్రెసిన్, దాని నుంచి స్పెర్మిడిన్, దాని నుంచి స్పెర్మిన్ వస్తాయి. మొదటి మెట్టు దగ్గర ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము కాపలా ఉంటుంది. ఆ ఎంజైమును డి.ఎఫ్.ఎం.ఓ. అనే మందుతో ఆపేసి చూస్తే పాలీఅమైన్ల పని ఏమిటో తెలుస్తుంది. అమెరికాలో ఎలుక పేగు కణాలను గాజు పళ్ళెంలో పెంచి ఇలా చేశారు. పొరను గీరి చిన్న గాయం చేస్తే మామూలు కణాలు పక్క నుంచి జరిగివచ్చి దాన్ని మూసేశాయి. పాలీఅమైన్లు లేని కణాలు సరిగా కదలలేకపోయాయి. తిరిగి పాలీఅమైన్లు కలిపితే కదలిక వచ్చింది. అవి తగ్గినప్పుడు కణానికి కణానికి మధ్య ఉండే అతుకులు కూడా బలహీనపడ్డాయి. పేగు విషయంలో ఆ అతుకు సడలడమంటే సూక్ష్మక్రిములకు, వాటి విషాలకు దారి ఇవ్వడమే.

ఇక పందిపిల్ల దగ్గరికి వద్దాం. తల్లిపంది పాలలో పాలీఅమైన్లు నేరుగా ఉంటాయి. అది ఒక జమ. రెండోది పిల్ల పేగు స్వయంగా తయారుచేసుకునేది. ఇక్కడ ఒక చిక్కుంది. పెద్ద జంతువుల్లో ఆర్నిథిన్ ఎక్కువగా ఆర్జినిన్ నుంచి వస్తుంది. తల్లిపంది పాలలో ఆర్జినిన్ తక్కువ. పైగా దాన్ని ఆర్నిథిన్‌గా మార్చే ఎంజైము కూడా పాలు తాగే పిల్ల పేగు కణాల్లో చాలా తక్కువ. మరి ఎలా? పాలలో పుష్కలంగా ఉండేది ప్రోలిన్ అనే మరో అమైనో ఆమ్లం. పాలు తాగే పిల్లల్లో ఆర్నిథిన్‌కు అదే ముఖ్యమైన ఆధారమని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గువోయావ్ వు బృందం 2000లో తెలియజేసింది. కార్టిసాల్ అనే హార్మోను పెరిగితే ప్రోలిన్‌ను, ఆర్జినిన్‌ను మార్చే ఎంజైములు రెండూ పుంజుకుంటాయని కూడా వారు చూపించారు. పాలు మాన్పించే రోజుల్లో ఆ హార్మోను పెరుగుతుంది. అంటే పాల నుంచి వచ్చే జమ ఆగిపోయే వేళకు, సొంత సంపాదనకు పేగు సిద్ధమవుతుందన్నమాట.

ప్రకృతిలో ఈ మార్పు మెల్లగా, సుమారు 3 నెలలు, అంతకు పైన జరుగుతుంది. ఫారంలో ఒక్క పూటలో జరుగుతుంది. యూరప్‌లో చట్టం ప్రకారం సాధారణంగా 28 రోజులకు ముందు పిల్లలను తల్లి నుంచి వేరు చేయకూడదు. ప్రత్యేక వసతి ఉంటే 21 రోజులకు చేయవచ్చు. 21 రోజులకు వేరు చేసిన పిల్లల్లో ఒక్క రోజులోనే చూషకాల ఎత్తు సుమారు 75 శాతానికి పడిపోయిందని 1986లో హాంప్సన్ అనే పరిశోధకుడు నమోదు చేశాడు. తల్లి లేదు, పాలు లేవు, చోటు కొత్త, పక్కనున్నవి కొత్త పిల్లలు. దాంతో పిల్ల మేత ముట్టదు. పేగు చిక్కిపోవడానికి ఈ పస్తే పెద్ద కారణం. మిగిలిన కారణాలు దాని వెంట వస్తాయి.

అయితే మేతలో పాలీఅమైన్లు కలిపేస్తే సరిపోతుంది కదా అని విద్యార్థులు అడగవచ్చు. మంచి ప్రశ్న. పాలు తాగే ఎలుక పిల్లలకు నోటి ద్వారా స్పెర్మిన్ ఇస్తే పేగు ముందుగానే పెద్దవాటి పేగులా మారిందని బెల్జియంలో 1988లో చూపించారు. పందిపిల్లల్లో ఫలితాలు మోతాదును, వయసును బట్టి మారుతూ వచ్చాయి. ఎక్కువైతే ఇవి విషమే. వేగంగా పెరిగే ప్రతి కణానికీ, అంటే క్యాన్సర్ కణానికి కూడా, ఇవి కావాలి. ఇందాక చెప్పిన డి.ఎఫ్.ఎం.ఓ. మందునే పసిపిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ తిరగబెట్టకుండా వాడటానికి అమెరికా ప్రభుత్వం 2023 డిసెంబరులో అనుమతించింది. పేగులో వీటిని పెంచాలని ఒకచోట, కణితిలో తగ్గించాలని మరోచోట ప్రయత్నం. కాబట్టి ముడిసరుకును అందించి, ఎంత చేసుకోవాలో కణానికే వదిలిపెట్టడం మేలైన దారిగా కనబడుతోంది. పాలు మాన్పించిన పిల్లల మేతలో 1 శాతం గ్లూటమిన్ కలిపితే మొదటి వారంలో చూషకాలు చిక్కిపోకుండా ఆగాయని వు బృందమే 1996లో చూపింది.

ఇదంతా ఎందుకు ముఖ్యం? ఈ పారుడుకు ఇన్నాళ్ళూ రెండు సులువైన మందులుండేవి. ఒకటి మేతలో యాంటీబయాటిక్, రెండోది ఎక్కువ మోతాదులో జింక్ ఆక్సైడ్. పెరుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని యూరప్ 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మందు మోతాదులో జింక్ ఆక్సైడ్‌ను 2022 జూన్ నుంచి ఆపేసింది. మన దేశం కూడా 2019 జూలైలో పశువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మనుషులకు చివరి ఆసరాగా మిగిలిన మందును పశువుల మేతలో పోస్తే అది మనకు పనిచేయకుండా పోతుంది. సులువైన మందులు పోయినప్పుడు పేగును పేగుగా తెలిసినవాళ్ళు కావాలి. పాలు తాగే వయసులోనే కొద్దికొద్దిగా దాణా అలవాటు చేయడం, మాన్పించిన రోజుల్లో వెచ్చదనం, శుభ్రమైన నీళ్ళు, తేలిగ్గా అరిగే మేత ఇవ్వడం వంటి సలహాను కారణంతో సహా చెప్పగల డాక్టరు రైతు దొడ్డి దాకా రావాలి.

తల్లిదండ్రులకు కొన్ని వివరాలు. పశువైద్య పట్టా ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. అఖిల భారత కోటా సీట్లకు నీట్ మార్కులు చూస్తారు, మిగిలిన సీట్లకు ఆయా రాష్ట్రాల పద్ధతి. మద్రాసు పశువైద్య కళాశాల 1903 నాటిది. బెంగళూరులో హెబ్బాళ, భువనేశ్వర్, ముంబయి, తిరుపతిలో కళాశాలలున్నాయి. యానాం పిల్లలకు పుదుచ్చేరి ఉంది. చెన్నై దగ్గర కాట్టుపాక్కంలోనూ, తిరుపతిలోనూ పందులపైనే పరిశోధన జరుగుతోంది. అస్సాంలో గౌహతి దగ్గర రాణిలో జాతీయ పరిశోధన కేంద్రం ఉంది.

మన పిల్లల్లో ఎవరైనా ఈ దారి అడిగితే, ఏ జంతువు అని చూడకండి. ఆ చదువులో రసాయనశాస్త్రం ఉంది, వైద్యం ఉంది, ఒక రైతు వాయిదా కట్టగలగడం ఉంది. వచ్చే ఏడాది దరఖాస్తుల్లో అలాంటివి మరికొన్ని చూడాలని కోరుకుంటున్నాను.