నడచు ఇసుక, నిలిచిన గోడ

విశాఖపట్టణపు రేవును నేడు చూచువారికి, అచ్చట నొకప్పుడు బురదనేలయు ఉప్పునీటి పాయలును దప్ప మరేమియు లేకుండెననిన నమ్మశక్యము గాదు. డాల్ఫిన్ నోస్ కొండ యండనున్న ఆ బీలను త్రవ్వి, తీసిన మట్టిని పల్లముపై బోసి, ఓడలకు లోతును గిడ్డంగులకు మెరకయు గల్పించిరి. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని 'జలదుర్గ' యను ఓడ లోనికి వచ్చినది. నీటియంచున నేలను సృష్టించుట మన యూరికి క్రొత్తవిద్య గాదు.

అయితే ఆ నేల ఉచితముగా దొరకినది గాదు. మన తీరమున ఇసుక నిలుకడగా నుండదు. నైరృతి గాలులనాటి అలలు దానిని దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించుచుండును. ఈ సంగతి రేవు కట్టినవారెరుగుదురు. కనుకనే రెండు పాత ఓడలను రేవుముఖమున ముంచి అడ్డుగా నిలిపిరి. దారిలో నిలిచిపోయిన ఇసుక ఉత్తరపుటొడ్డునకు చేరదు. చేరనిచో రామకృష్ణా బీచి కోసికొనిపోవును. అందుచే రేవువారు ఇసుకను తోడి ఆ యొడ్డున పోయవలసివచ్చినది. ఇది వడ్డీ కట్టుటవంటిది. అసలు ఎన్నటికిని తీరదు. రేవు పదిమందికి అన్నము పెట్టునది గనుక ఆ వడ్డీని ప్రజలు భరించుచున్నారు.

ఒక వర్తకసంస్థ తన స్వంతమునకై ఒడ్డున గోడ కట్టిన వడ్డీ యెవరు కట్టవలెను? ఈ ప్రశ్న భీమునిపట్టణమున నిజముగనే పుట్టినది. అచ్చట సముద్రపుటిసుకలో కాంక్రీటు గోడలు లేచెను. 1991లో కేంద్రప్రభుత్వము పోటునీటి గీతనుండి 500 మీటర్ల వరకు తీరమును నియమములకు లోబరచినది. రేవులవంటి కొన్ని పనులకు దప్ప సముద్రమును పూడ్చి నేల చేయుటను నిషేధించినది. 2011లోను 2019లోను ఆ నియమములు మారినవి గాని మూలసూత్రము మారలేదు. గోడల విషయము హైకోర్టునకెక్కెను. కట్టినవారు కూల్చివేతను ఆపింపజూచిరి, ఫలింపలేదు. 2024 సెప్టెంబరులో నగరపాలక సంస్థ కూల్చుటకారంభించినది.

'నేల మాది, కొనుక్కొంటిమి' అనువారి మాటను తేలికగా త్రోసివేయరాదు. హక్కుపత్రము గలవానికి న్యాయము జరుగవలసినదే. కాని పత్రముపై గీచిన హద్దు అలకు తెలియదు గదా! ఇక ప్రభుత్వమువారును నిష్కళంకులు గారు. 2021 మొదలు పర్యాటకశాఖ పేరిట ఋషికొండను తొలిచినప్పుడు ప్రజలు వారిమీదనే హైకోర్టునకు పోవలసివచ్చినది. అనుమతికి మించి త్రవ్విరని నిపుణుల సంఘము చెప్పినది. కావలివాడే కంచె దాటినపుడు ఇతరులను నిలువుమనుటకు వానికి నోరు చాలదు.

భీమునిపట్టణపు గోడలు పైకి కూలినను పునాదులు ఇసుకలోనే మిగిలెను. వానిని గూడ పెల్లగింపవలెనని న్యాయస్థానము మరల చెప్పవలసివచ్చినది. కంటికి కనబడనంత మాత్రమున అవి లేనట్లు కాదు; వెనుకకు మరలు అల వానిని తాకును, వాని ప్రక్క ఇసుకను తవ్వుకొనిపోవును. ఆ యొడ్డుననే జాలరులు తమ పడవలను లాగుకొందురు.