బుల్లెట్ బండి: టాపెట్ల సవరణ



1955వ సంవత్సరమున మదరాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ వెలసినది. తిరువొత్తియూరులో తయారైన పాత 350 సి.సి. బుల్లెట్ మోటారు సైకిళ్లు నేటికిని కొన్ని ఇండ్లలో తండ్రి నుండి కుమారునికి సంక్రమించుచున్నవి. వాని ఇంజనులోని టకటక ధ్వని విని యజమానులు కలత చెందుట కలదు. ఆ ధ్వనిని పూర్తిగా అణచగోరి టాపెట్లను అతిగా బిగించుటయే పెద్ద పొరపాటు.

కారణము సులభము. ఎగ్జాస్టు వాల్వు మండిన వాయువుల నడుమ నుండును. అది మూసికొని పీఠమునకు ఆనినప్పుడే దాని వేడిమి హెడ్డులోనికి పోవును. టాపెట్టు మిక్కిలి బిగిసినచో వాల్వు పూర్తిగా మూసికొనదు. అంచు కాలును, కంప్రెషను తగ్గును, ఎన్ని కిక్కులు కొట్టినను బండి స్టార్టు కాదు. సందు మితిమీరినచో చప్పుడును, అరుగుదలయు హెచ్చును.

రాత్రియంతయు చల్లారిన ఇంజనుపైననే సవరణ చేయవలెను. ప్లగ్గు తీసి, ఆ రంధ్రముపై బొటనవ్రేలు నుంచి ఇంజనును మెల్లగా త్రిప్పవలెను. గాలి వ్రేలిని తోయుటయే కంప్రెషనుకు గుర్తు. పిస్టను పై కొసకు చేరినప్పుడు రెండు వాల్వులును మూసికొనియుండును. సిలిండరు ప్రక్కనున్న మూత తీసినచో పుష్‌రాడ్లు కనబడును. సన్నని పానాలతో లాక్‌నట్టు వదులుచేసి సవరింపవలెను. రాడ్డు వ్రేళ్ల నడుమ సులువుగా తిరుగవలెను. క్రిందికి మీదికి ఆడరాదు. లాక్‌నట్టు బిగించునప్పుడు కొలత మారవచ్చును గనుక మరల పరీక్షింపవలెను.

నిశ్శబ్దమే ఆరోగ్యమని భ్రమింపరాదు. ఈ పాత బండి కొంచెము పలుకుచున్ననే క్షేమము.